త్యాగయ్యగారి రెండు నీటి కథలు: ప్రహ్లాద భక్తి విజయం, నౌకాచరిత్రం

🙏 శ్రీరామ జయం 🙏



ఈ వారం పాఠంలో త్యాగరాజస్వామివారు రాసిన రెండు సంగీత నాటకాల గురించి తెలుసుకుందాం. కొంచెం పెద్ద పాఠమే. ఒకేసారి చదవడం కుదరకపోతే సగం ఈ రోజు, సగం రేపు లంచ్ టైమ్‌లో చదువుకోండి. నైట్ షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు ఇంట్లోవాళ్ళ చేత చదివించుకుని వినండి. తొందరేమీ లేదు.

మనలో చాలామందికి త్యాగయ్యగారు అనగానే పంచరత్న కీర్తనలు గుర్తొస్తాయి. పెద్దవాళ్ళకి 1946లో వచ్చిన నాగయ్యగారి సినిమా, కొంచెం చిన్నవాళ్ళకి 1981లో బాపుగారు తీసిన సినిమాలో సోమయాజులుగారు గుర్తొస్తారు. కానీ "ఆయన నాటకాలు కూడా రాశారు" అంటే మాత్రం "అవునా అండీ?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. అచ్చమైన తెలుగులో, మనకి అర్థమయ్యే మాటల్లో రాసిన నాటకాలవి. అందులోని పాటలు కచేరీల్లో విడివిడిగా వింటూనే ఉంటాం. అవి ఒక కథలోని భాగాలని మాత్రం మనకెవరూ చెప్పలేదు. ఈ రోజు ఆ కథలే చెప్పుకుందాం.

*1. ఒపెరా అంటే మనకి కొత్తదేమీ కాదు*

ఆఫీసులో అమెరికన్ కొలీగ్స్ ఎప్పుడైనా "వీకెండ్ ఒపెరాకి వెళ్ళాం" అంటే అదేదో మనకి సంబంధం లేని వ్యవహారం అనుకుంటాం. ఒపెరా అంటే పాటలతో నడిచే నాటకం, అంతే. పాత్రలు తమ సంతోషాన్ని, దుఃఖాన్ని, కోపాన్ని పాడి చెబుతాయి. ఐరోపాలో మోజార్ట్ అనే మహా సంగీతకారుడు 1756లో పుట్టాడు. మన త్యాగయ్యగారు పుట్టింది 1767లో. అంటే ఇద్దరికీ పదకొండేళ్ళే తేడా. 1791లో వియన్నాలో మోజార్ట్ చివరి ఒపెరాల్లో ఒకటైన 'మ్యాజిక్ ఫ్లూట్' ఆడుతున్నప్పుడు, కావేరి ఒడ్డున త్యాగయ్యగారికి ఇరవై నాలుగేళ్ళు.

మనవాళ్ళు ఇలాంటి నాటకాన్ని యక్షగానం అన్నారు, గేయనాటకం అన్నారు. తంజావూరు ప్రాంతానికి ఇది బాగా తెలిసిన కళ. "తమిళనాడులో ఉన్నాయన తెలుగులో ఎందుకు రాశారు?" అని పిల్లలు అడుగుతుంటారు కదా, వాళ్ళకి ఇలా చెప్పండి. విజయనగర రాజుల తర్వాత తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగువాళ్ళు. రఘునాథ నాయకుడు, ఆయన కొడుకు విజయరాఘవ నాయకుడు స్వయంగా తెలుగు కవులు. వాళ్ళ తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా ఆ ఆస్థానంలో తెలుగును వదల్లేదు. శాహజీ మహారాజు మాతృభాష మరాఠీ అయినా తెలుగులో యక్షగానాలు రాశాడు. అక్కడికి దగ్గర్లోని మేలట్టూరు గ్రామంలో భాగవతమేళం అనే నాటక సంప్రదాయం ఈనాటికీ ఉంది. నృసింహ జయంతి సమయంలో ఏటా అక్కడ ప్రహ్లాదుడి నాటకం ఆడతారు. ఆడేవాళ్ళు తమిళదేశంలో పుట్టి పెరిగినవాళ్ళు, పాడేది తెలుగు. ఆ నాటకం రాసిన మేలట్టూరు వెంకటరామశాస్త్రిగారు త్యాగయ్యగారి కాలంవారే.

అంటే ఏమిటన్నమాట? త్యాగయ్యగారి కుటుంబం కూడా మనలాగే సొంత ప్రాంతానికి దూరంగా స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంటిపేరు కాకర్ల. తండ్రి రామబ్రహ్మంగారు. చుట్టూ వేరే భాష. అయినా ఇంట్లో తెలుగు, పూజలో తెలుగు, పోతనగారి భాగవతం నిత్య పారాయణం. ఆ ఇంట్లో తెలుగు నిలిచింది కాబట్టే ఈ పాటలు మనదాకా వచ్చాయి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుని ముందుకు వెళదాం.

*2. ప్రహ్లాద భక్తి విజయం*

ఇది పెద్ద నాటకం. ఐదు అంకాలు. 45 కీర్తనలు, 28 రాగాలు, వాటి మధ్య కందం, సీసం, ద్విపద లాంటి పద్యాలు, కథను కలిపే వచనం ఉంటాయి. ఆరంభంలో సౌరాష్ట్ర రాగంలో 'శ్రీ గణపతిని' అంటూ వినాయకుడి స్తుతి. తనకన్నా ముందు నడిచిన భక్తులకి కూడా త్యాగయ్యగారు ఇక్కడే నమస్కారం చేసుకుంటారు. కన్నడదేశపు పురందరదాసు, మన భద్రాచల రామదాసు ఇద్దరూ ఆ వరుసలో ఉన్నారు. భక్తికి భాష, ప్రాంతం అడ్డురావని ఆయన మాటల్లో కాదు, ఆచరణలో చూపించారు.

తర్వాత ద్వారపాలకుడు వస్తాడు. ఆ రాకను చెప్పే కల్యాణి రాగ కీర్తనే 'వాసుదేవయని'. కచేరీల్లో ఎన్నిసార్లు విని ఉంటారో! అది ఒక నాటకంలో పాత్ర ప్రవేశం పాట అని తెలిశాక మళ్ళీ వినండి. ఒక మనిషి హుందాగా నడిచి వస్తున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు కథ. ప్రహ్లాదుడి కథ అనగానే మనకేం గుర్తొస్తుంది? హిరణ్యకశిపుడు, స్తంభం, అందులోంచి నరసింహస్వామి. మేలట్టూరు నాటకం ఆ దారిలోనే వెళుతుంది. పోతనగారు సప్తమ స్కంధంలో చెప్పిందీ అదే. త్యాగయ్యగారి నాటకానికి మాత్రం ఆ ఘట్టం కేంద్రం కాదు. దుష్టుణ్ణి దేవుడు ఎలా శిక్షించాడన్నది ఆయన చెప్పదలుచుకున్న విషయం కాదు. భక్తుడు దేవుడి కోసం ఎలా ఎదురుచూశాడన్నది ఆయన విషయం. పేరులోనే చూడండి. గెలిచింది ప్రహ్లాదుడి *భక్తి*.

కథ సముద్రం దగ్గర నడుస్తుంది. తండ్రి ఆజ్ఞతో ప్రహ్లాదుణ్ణి నాగపాశాలతో కట్టేసి సముద్రంలో పడేశారు. ఎవరూ లేరు. తల్లి లేదు, గురువు లేడు, తోటి పిల్లలు లేరు. అలాంటి చోట సముద్రరాజు ఆ పిల్లవాణ్ణి ఆదరిస్తాడు. ప్రహ్లాదుడు సముద్రానికి వందనం చేస్తాడు. తోడి రాగంలోని 'వారిధి నీకు' అన్న కీర్తన ఈ సందర్భంలోది. తనని ముంచడానికి పడేసిన సముద్రానికే చేతులు జోడించాడు ఆ బాలుడు! ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి.

గరుత్మంతుడి రాక శంకరాభరణంలో 'విష్ణువాహనుడు' కీర్తనలో కనిపిస్తుంది. నారదులవారి రాక పంతువరాళిలో 'నారదముని వెడలిన' కీర్తనలో వినిపిస్తుంది. హరి నిన్ను చూడటానికి వస్తాడని ప్రహ్లాదుడికి ధైర్యం చెప్పే కల్యాణి రాగ కీర్తన కూడా ఇందులో ఉంది. అంత ధైర్యం చెప్పినా పిల్లవాడి మనసు నిలవదు. ఇంకా రాలేదేం, ఎందుకు రాలేదు, ఈ జన్మ ఎందుకు, అని బాధ. వరాళిలో 'ఏటి జన్మమిది' పుట్టింది ఆ బాధలోంచే. ఈ నాటకంలో ఎక్కువ పాటలు ఇలాంటివే. పిలవడం, వేచి ఉండటం, అలగడం, మళ్ళీ పిలవడం.

చివరికి స్వామి వస్తాడు. వచ్చి వరాలు అడగమంటాడు. ఆరభి రాగంలో 'అడుగు వరముల' అన్నది ఆ సందర్భం. ఏం అడుగుతాడు ప్రహ్లాదుడు? భాగవతంలోనే ప్రహ్లాదుడు తేల్చి చెప్పాడు, వరాలకోసం సేవ చేసేవాడు సేవకుడు కాదు, వ్యాపారి అని. త్యాగయ్యగారి ప్రహ్లాదుడిదీ అదే దారి. నేను నీవాణ్ణి, అది చాలు అంటాడు. నాటకం పూలజల్లుతో, సౌరాష్ట్ర రాగంలో 'నీ నామరూపములకు' అనే మంగళంతో ముగుస్తుంది. నాటకం పేరు తెలియనివాళ్ళు కూడా భజనల చివర ఇదే మంగళం పాడుకుంటున్నారు.

ఇంకో ముచ్చట. ప్రహ్లాదుడు కృతయుగంవాడు. రాముడు పుట్టింది త్రేతాయుగంలో. అయినా ఈ నాటకంలో ప్రహ్లాదుడు "రఘునందన" అని, "దాశరథి" అని పిలుస్తుంటాడు! ఇది త్యాగయ్యగారి పొరపాటు కాదండీ. ఆయనకి అంత లెక్క తెలియదా? ప్రహ్లాదుడి నోటితో ఏడుస్తున్నది త్యాగయ్యగారే. ఆయన తల్లడిల్లినప్పుడు నోటికి వచ్చే పేరు రాముడే. పెద్దలు చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన పూజించుకునే రామ విగ్రహాలను అన్నగారు కోపంతో కావేరిలో పారేశారనీ, అవి మళ్ళీ దొరికేదాకా స్వామివారు తిండీ నిద్రా మానేసి తిరిగారనీ. సినిమాలోనూ చూశాం. ఆ కథ విన్నవాళ్ళకి, నీళ్ళ ఒడ్డున స్వామి కోసం ఎదురుచూసే ప్రహ్లాదుడు ఎవరో చెప్పక్కర్లేదు.

*3. నౌకాచరిత్రం*

ఇది చిన్న నాటకం. ఒకే అంకం. 21 కీర్తనలు, 13 రాగాలు, 43 పద్యాలు. రెండింట్లో దీనికే జనాదరణ ఎక్కువ. కథ కూడా తేలిగ్గా చెప్పుకునేది. ఈ కథ భాగవతంలో లేదు. కృష్ణుడు, గోపికలు పడవ మీద వెళ్ళే కథలు బెంగాల్ వైష్ణవ కీర్తనల్లో కూడా ఉన్నాయి కానీ, ఈ రూపంలో దీన్ని అల్లింది త్యాగయ్యగారి ఊహే.

గోపికలు యమునలో నౌకావిహారానికి బయల్దేరారు. చిన్ని కృష్ణుడు నేనూ వస్తాను, ఓడ నేను నడుపుతాను అన్నాడు. వాళ్ళు నవ్వారు. పాలూ పెరుగూ దొంగిలించే పిల్లాడివి, నీకు ఓడ నడపడం ఏం తెలుసు అని ఆటపట్టించారు. చివరికి ఎక్కించుకున్నారు. ఓడ కదిలింది. ఆ ఆనందం సారంగ రాగంలో 'ఓడను జరిపే' కీర్తనలో వినాలి. అలల మీద ఊగుతున్నట్టే ఉంటుంది నడక.

అంతా హాయిగా సాగుతుంటే మనసులో ఏమొస్తుంది? "మనమే!" అన్న ఆలోచన వస్తుంది. మనకి సాటి ఎవరు, జగన్నాథుడంతటివాడు మన అందానికి లొంగి మన చుట్టూ తిరుగుతున్నాడు అని గోపికలు మురిసిపోయారు. దేవగాంధారిలో 'ఎవరు మనకు' కీర్తన ఆ మురిపెం. వింటే చాలా అందంగా ఉంటుంది. అదే ఇందులో చమత్కారం. గర్వం వచ్చేటప్పుడు వికారంగా రాదు, ఇలా మంచి రాగంలోనే వస్తుంది.

కృష్ణుడు ఏమీ అనలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. గాలి మారింది. యమున అల్లకల్లోలమైంది. ఓడకి చిల్లు పడింది. నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఇప్పటిదాకా ఆటపట్టించినవాళ్ళు ఏడుస్తూ దారి చూపించమని ఆ పిల్లవాణ్ణే అడిగారు. మీ పైవస్త్రాలు తీసి ఆ చిల్లులో కుక్కండి అన్నాడు. సిగ్గుపడుతూనే ఆ పనీ చేశారు. అయినా నీళ్ళు ఆగలేదు.

అప్పుడు వాళ్ళ చేతుల్లో ఇంక ఏమీ మిగల్లేదు. అందం పనిచేయలేదు, తెలివి పనిచేయలేదు, వస్త్రాలు పనిచేయలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని మనసులో ఆయన్నే ధ్యానించారు. కళ్ళు తెరిచేసరికి గాలి లేదు, చిల్లు లేదు, ఓడ ఒడ్డు చేరింది. ఇంకేముంది, సంబరం! కృష్ణుడికి గంధం పూసి, తిలకం దిద్ది, హారతి ఇచ్చి పూజించారు. పున్నాగవరాళిలో 'గంధము పుయ్యరుగా' పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కూడా పాడుకునే పాట. మీ అమ్మగారికో, అమ్మమ్మగారికో వచ్చే ఉంటుంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడిగి చూడండి. అది మునిగిపోతూ బతికి బయటపడ్డ ఆడపిల్లలు కృతజ్ఞతతో పాడే పాట. నాటకం చివర సురటి రాగంలో మంగళం.

వస్త్రాల ఘట్టం గురించి ఒక మాట. పిల్లలకి చెప్పేటప్పుడు కొందరు ఇబ్బందిపడి దాన్ని వదిలేస్తుంటారు. వదలక్కర్లేదు. మనుషులు తమ పరువుకి గుర్తుగా దేన్ని పట్టుకుంటారో దాన్ని కూడా వదులుకోవడం అని పెద్దలు దానికి అర్థం చెప్పారు. "ఓడ మునుగుతున్నప్పుడు పరువు చూసుకోలేదు, ఉన్నదంతా పెట్టి చిల్లు మూయబోయారు" అని చెబితే పిల్లలకి చక్కగా అర్థమవుతుంది. గోపికలని తక్కువ చేయడానికి కూడా ఈ కథ కాదు. ఆ ఓడలో ఉన్నది ఆడవాళ్ళు మాత్రమే కాదు. జీవులమందరం అందులోనే ఉన్నాం.

*4. రెండూ కలిపి ఎందుకు చదవాలి?*

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. ఈ పాఠానికి ప్రాణం ఇదే.

మనం ఈ దేశానికి వచ్చినవాళ్ళం. కొందరం సాఫ్ట్‌వేర్‌లో, కొందరం ఆస్పత్రుల్లో, కొందరం గ్యాస్ స్టేషన్లలో, హోటళ్ళలో, స్టోర్లలో పనిచేస్తున్నాం. బాగున్న రోజుల్లో ఎలా ఉంటాం? నా చదువు, నా తెలివి, నా కష్టం అనుకుంటాం. ఊళ్ళో మిగిలిపోయిన స్నేహితుడి గురించి "వాడు కష్టపడలేదు" అని తేల్చేస్తాం. దేవుడు కూడా మన ప్రార్థనలకి కట్టుబడి ఉన్నాడనుకుంటాం. నౌకాచరిత్రం చెప్పేది ఈ రోజుల గురించే. గాలి ఎప్పుడైనా మారుతుంది. లేఆఫ్ మెయిల్ వస్తుంది, వీసా పేపర్లు ఆగిపోతాయి, ఇండియా నుంచి అర్ధరాత్రి ఫోన్ వస్తుంది.

అయితే ఇక్కడే మనం ఒక తప్పు చేసే ప్రమాదం ఉంది. ఉద్యోగం పోయినవాడి దగ్గరికి వెళ్ళి, "నీకు గర్వం వచ్చింది, అందుకే ఇలా అయింది" అని చెప్పడానికి ఈ కథని వాడకూడదు. మనసులో కూడా అనుకోకూడదు. నౌకాచరిత్రం ఒడ్డున నిలబడి మునిగేవాళ్ళని చూస్తూ చదువుకునే కథ కాదు. ఓడలో కూర్చుని, *నా* సంగతేమిటి అని చదువుకునే కథ.

ఎందుకంటే అదే త్యాగయ్యగారు ప్రహ్లాదుడి కథ కూడా రాశారు. ఆ పిల్లవాడికి ఏ గర్వం ఉంది? ఏ తప్పు చేశాడు? ఏమీ లేదు. అయినా నాగపాశాలతో కట్టేసి సముద్రంలో పడేశారు. అంటే కష్టం వచ్చిన ప్రతివాడూ తప్పు చేసినట్టు కాదు. త్యాగయ్యగారు ఒక్క నౌకాచరిత్రమే రాసి ఉంటే మనం తొందరపడి "కష్టమంటే శిక్ష" అనుకునేవాళ్ళం. ఒక్క ప్రహ్లాద భక్తి విజయమే రాసి ఉంటే "నేనూ ప్రహ్లాదుడిలాంటివాణ్ణే, నా తప్పేమీ లేదు" అనుకునేవాళ్ళం. రెండూ రాశారు. ఎదుటివాడి కష్టం చూసినప్పుడు ప్రహ్లాదుణ్ణి గుర్తుచేసుకోవాలి. మన సుఖం చూసుకున్నప్పుడు గోపికలని గుర్తుచేసుకోవాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు కదండీ!

ఇంకో విషయం గమనించండి. తుఫాను వచ్చినప్పుడు కృష్ణుడు ఆ ఓడలోనే ఉన్నాడు. ఒడ్డున లేడు. దేవుడు దూరమయ్యాడు కాబట్టి కష్టం వచ్చిందని అనుకోనక్కర్లేదు. ఇక ప్రహ్లాదుడికైతే స్వామి వెంటనే కనపడలేదు. ఐదు అంకాల నిండా ఎదురుచూపులే. గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి క్యూలో ఉన్నవాళ్ళకి, పెద్దవాళ్ళని చూడటానికి వెళ్ళలేక బాధపడేవాళ్ళకి ఈ నాటకం మంచి తోడు. ప్రహ్లాదుడు ఎదురుచూస్తూ నోరు మూసుకుని కూర్చోలేదు. అలిగాడు, ఏడ్చాడు, నిలదీశాడు. అదంతా పాటగా మారింది, అదంతా భక్తే అయింది. బాధ చెప్పుకోవడం భక్తికి లోటు కాదు. మన వాళ్ళలో చాలామంది, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న మగవాళ్ళు, ఇంటికి ఫోన్ చేసి "అంతా బాగుందమ్మా" అని పెట్టేస్తారు. బాధ లోపలే ఉంచుకోకండి. స్వామికి చెప్పండి. పక్కనున్న మనిషికి కూడా చెప్పండి. అలాంటి మనిషి మీ దగ్గరికి వస్తే, ప్రహ్లాదుణ్ణి ఆదరించిన సముద్రరాజులా ఉండండి. బోధ తర్వాత, ముందు కాస్త అన్నం పెట్టండి.

*5. అమెరికాలో త్యాగయ్యగారు*

ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌ల్యాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన ఉత్సవం జరుగుతోంది. ఏటా ఈస్టర్ సమయంలో, పది రోజులకి పైగా సాగుతుంది. భారతదేశం బయట జరిగే మన శాస్త్రీయ సంగీత ఉత్సవాల్లో అది చాలా పెద్దది. దాన్ని నిలబెట్టినవాళ్ళలో తమిళ కుటుంబాలవారిది పెద్ద చేయి. ఇక పుష్య బహుళ పంచమి అటూ ఇటూగా చాలా ఊళ్ళ గుళ్ళలో, హాళ్ళలో పంచరత్నాలు పాడతారు. 1847 జనవరి 6న స్వామివారు సమాధి చెందిన తిథి అది. తిరువయ్యారులో ఆ సమాధి మీద గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మగారు.

అమెరికాలో పుట్టిన జాన్ హిగ్గిన్స్ అనే ఆయన కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో మన సంగీతం మొదలుపెట్టి, ఇండియా వెళ్ళి నేర్చుకుని, త్యాగరాజ ఆరాధనలో పాడాడు. మనవాళ్ళు ప్రేమగా హిగ్గిన్స్ భాగవతార్ అన్నారు. ఇండియానాపోలిస్‌లో ఆచార్యుడిగా పనిచేసిన విలియం జాక్సన్‌గారు త్యాగయ్యగారి జీవితం మీద, పాటల మీద పుస్తకాలే రాశారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో 2008లో గాంధీగారి కథతో 'సత్యాగ్రహ' అనే ఒపెరా వేశారు. ఫిలిప్ గ్లాస్ సంగీతం, మాటలన్నీ భగవద్గీత సంస్కృతం. అమెరికన్ ప్రేక్షకులు శ్రద్ధగా కూర్చుని విన్నారు.

తమిళులు మన మాటల్ని ప్రాణంగా పాడుతున్నారు. అమెరికన్లు కష్టపడి నేర్చుకున్నారు. వాళ్ళు నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుసుకునే అర్థం మనకి అమ్మ ఒడిలో ఉచితంగా దొరికింది. మన పిల్లలేమో అదే పాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, అర్థం తెలియకుండా పోటీలకి బట్టీ పడుతున్నారు. ఇందులో పిల్లల తప్పు లేదు. పాట పక్కన కూర్చుని "ఇది గోపికలు పాడారమ్మా, ఎందుకంటే..." అని చెప్పాల్సింది మనం. దానికి సంగీతం రానక్కర్లేదు. తెలుగు వస్తే చాలు.

*6. ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?*

• ముందు నౌకాచరిత్రంతో మొదలుపెట్టండి. 21 కీర్తనలే. వారానికి ఒకటి చొప్పున విన్నా ఐదు నెలల్లో పూర్తవుతుంది.

• ముందు కథ చెప్పండి, తర్వాత పాట వినిపించండి. ఎవరు పాడుతున్నారు, ఎవరితో, ఆ క్షణంలో ఓడ ఎక్కడుంది, ఇవి మూడూ పిల్లలకి తెలియాలి.

• నాలుగు కుటుంబాలు కలిస్తే అపార్ట్‌మెంట్ హాల్లోనే ఆడుకోవచ్చు. ఒకరు కథ చెబుతారు, పిల్లలు గోపికలు, అందరికన్నా చిన్నవాడు కృష్ణుడు. పాటలు రానివాళ్ళు రికార్డు పెట్టుకోండి. రెండు దుప్పట్లు పరిస్తే యమున, నాలుగు కుర్చీలు వేస్తే ఓడ.

• తర్వాత ప్రహ్లాద భక్తి విజయం. 'వాసుదేవయని', 'నారదముని వెడలిన', 'ఏటి జన్మమిది', చివర 'నీ నామరూపములకు', ఈ నాలుగూ ఇదే వరుసలో వినండి. ఒక రాక, ఇంకో రాక, ఒక బాధ, ఒక మంగళం. కథ ఆకారం తెలిసిపోతుంది.

• ఒంటరిగా ఉన్నవాళ్ళు పనికి వెళ్ళే దారిలో వినండి. త్యాగయ్యగారు ఉంఛవృత్తి చేస్తూ వీధుల్లో నడుస్తూ పాడినవారు. కూర్చుని వినలేదని ఆయన ఏమీ అనుకోరు.

ఈ పాటలు ఇన్నేళ్ళు నిలవడానికి శిష్యులు కారణం. సౌరాష్ట్ర కుటుంబానికి చెందిన వాలాజాపేట వెంకటరమణ భాగవతారుగారు గురువుగారి రచనల్ని శ్రద్ధగా రాసి దాచారు. ఆ ప్రతులు తర్వాత మదురైలోని సౌరాష్ట్ర సభకి చేరాయి. త్యాగయ్యగారికి 'సీతారామ విజయం' అనే ఇంకో నాటకం కూడా ఉందని చెబుతారు, అది దొరకలేదు. రాసి దాచినవాళ్ళు ఉన్నచోట నిలిచింది, లేనిచోట పోయింది. మన ఇళ్ళలోనూ అంతే. చెప్పేవాళ్ళు ఉంటే నిలుస్తుంది.

*ఈ వారం ఇంట్లో మాట్లాడుకోవలసిన ప్రశ్నలు*

1. గోపికల గర్వం ఏ క్షణంలో మొదలైంది? మన ఇంట్లో అలాంటి క్షణం ఎప్పుడొచ్చింది?

2. తనని పడేసిన సముద్రానికే ప్రహ్లాదుడు ఎందుకు వందనం చేశాడు?

3. స్వామి వచ్చి "ఏం కావాలి?" అని అడిగితే, వీసా, ఇల్లు, జీతం పక్కన పెట్టి మనం ఏం అడుగుతాం? (నిజాయితీగా చెప్పాలి. వీసా అడిగినా తప్పు లేదు. కానీ దాని తర్వాత ఏమిటి?)

4. మనకి తెలిసినవాళ్ళలో ఇప్పుడు ఎవరి ఓడలో నీళ్ళు వస్తున్నాయి? ఈ వారం వాళ్ళకి ఎవరు ఫోన్ చేస్తారు?

నాలుగో ప్రశ్నకి జవాబు మాటల్లో వద్దు. ఫోన్ చేసేయండి.

పాఠం నచ్చితే మీ కుటుంబ గ్రూపుల్లో పంచుకోండి. ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళకి పంపితే వాళ్ళకి వచ్చిన పాట ఒకటి రికార్డు చేసి తిరిగి పంపమని అడగండి. ఆ గొంతు మీ దగ్గర దాచుకోండి.

శుభం భూయాత్.
జై శ్రీరామ్ 🙏